ముందు ఈత నేర్చుకో, బిడ్డా

బిడ్డా,

ఉద్యోగం మానేసి, సినిమా వేషాల కోసం హైదరాబాద్ కృష్ణానగర్‌లో రూమ్ తీసుకున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పి ఒకటే ఏడుపు. నాకూ రాత్రంతా నిద్ర లేదు. మన ఇంట్లో నా తర్వాత ఇంకొకరు ఆ దారి పట్టారని లోపల గర్వంగానే ఉంది, అది మాత్రం మీ అమ్మకు చెప్పకు.

ఫోటోలు మేకప్ లేకుండా దిగు. వేషం ఇప్పిస్తానని డబ్బులడిగితే రూపాయి ఇవ్వకు. ఆడిషన్ హోటల్ రూమ్‌లో అంటే పోకు. ఆరు నెలల అద్దె చేతిలో ఉంచుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఒకటుంది. రెండేళ్లు గుంపులో నిలబడ్డాక నాకు నాలుగు డైలాగుల వేషం వచ్చింది. "ఈత వచ్చా?" అని కో-ఆర్డినేటర్ అడిగితే వచ్చన్నా. ఓరుగల్లు చుట్టూ ఇన్ని చెరువులున్నా మా అమ్మ నన్ను ఒక్కదాంట్లోనూ దిగనివ్వలేదు. పడవ మీంచి దూకాలి, ఒడ్డు పక్కనే కదా, లోతు ఉండదులే అనుకున్నా. తడిసిన పంచె కాళ్లకు చుట్టుకుంది, నోరంతా నాచు, పైన రిఫ్లెక్టర్ వెలుగు తప్ప ఏమీ కనపడలేదు. ఒక లైట్‌బాయ్ దూకి కాలర్ పట్టి లాగాడు. ఒడ్డున బోర్లా పడుకోబెట్టి నీళ్లు కక్కిస్తుంటే "లైట్ పోయింది, ప్యాకప్" అన్న మాట వినపడింది. అందరి పనీ ఆ పూట నా అబద్ధంతో ఆగింది. వేషం వేరేవాళ్లకు పోయింది, ఏడాదిన్నర నన్ను ఎవరూ పిలవలేదు. ఆ లైట్‌బాయ్ పేరు కూడా అడగలేదు బిడ్డా, ఇప్పటికీ అదే మనసులో మెదులుతుంది.

రాని పని వచ్చని చెప్పకు. బండి గానీ, గుర్రం గానీ, "రాదు సార్, పది రోజులివ్వండి, నేర్చుకుంటా" అను. పిచ్చి తల్లీ, వేషం పోతే ఇంకోటి వస్తది.

యాస మాత్రం మార్చుకోకు. మా రోజుల్లో మన మాట వినగానే డబ్బింగ్ ఇంకొకరితో చెప్పించేవాళ్లు, ఇప్పుడు ఆ మాట కోసమే వెతుకుతున్నారు. కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ మూకీల కాలంలోనే బొంబాయి పోయి, హిందీలో హీరోగా నిలబడి, 1980కి ఫాల్కే అవార్డు తెచ్చుకున్నాడు. నీకైతే సొంత భాషే ఉంది.

శనివారం రైలెక్కి కాజీపేటలో దిగు. హన్మకొండలో ఈత నేర్పే మనిషిని మాట్లాడిపెట్టా. పది రోజులు పొద్దున్నే నేనే తీసుకుపోతా, నువ్వు పైకి వచ్చేదాకా గట్టు మీదే కూర్చుంటా.

మీ మామ