పొలంలో పాత గ్యాస్ బావి, చేతికి కొత్త లీజు కాగితం: సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. రెండేళ్ల క్రితం మా బావమరిదితో కలిసి వైజ్ కౌంటీలో 42 ఎకరాలు కొన్నాం. ఒక మూల పాత గ్యాస్ బావి, రెండు ట్యాంకులు, మీటర్ లాంటి పెట్టె ఉన్నాయి. ఈమధ్య ఒకాయన ఫోన్ చేసి లీజు ఇవ్వండి, సంతకం పెడితే ఒకేసారి ఎకరానికి ఇంత అని బోనస్ ఇస్తాం అని కాగితాలు పంపాడు. అమలాపురంలో ఉన్న నాన్నగారేమో కింద గ్యాస్ గవర్నమెంటుది కదరా, నీకెవడిస్తాడు అంటున్నారు. సంతకం పెట్టొచ్చా? ఆ డబ్బుతో ఇంటి లోన్ తీర్చేద్దామని ఉంది.

జవాబు: ఇప్పుడే పెట్టకండి. ముందు మీ నాన్నగారి మాట చూద్దాం. కోనసీమ వరకు ఆయన చెప్పింది కరెక్టే, అక్కడ ఓఎన్‌జీసీ పొలం తీసుకుంటే రైతుకి పై భూమికి, పంటకి పరిహారం ఇస్తారు గానీ గ్యాస్ మీద రాయల్టీ, అంటే అమ్మిన గ్యాస్ డబ్బులో వాటా, రైతుకి రాదు, రాష్ట్ర ప్రభుత్వానికి పోతుంది. టెక్సాస్‌లో అలా కాదు, కింద ఉన్నది ప్రైవేటు ఆస్తే. కాకపోతే అది మీ ఆస్తి కాకపోవచ్చు, అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది.

ఇక్కడ పైన భూమి ఒకరికి, కింద మినరల్స్ (గ్యాస్, ఆయిల్ లాంటివి) ఇంకొకరికి విడివిడిగా అమ్మేసుకోవచ్చు. మీకు అమ్మినవాళ్లో, వాళ్లకంటే ముందు తరం వాళ్లో మినరల్స్ తమ దగ్గరే ఉంచుకుని పై భూమి మాత్రమే అమ్మి ఉండొచ్చు. వైజ్ కౌంటీలో ఈ అనుమానం మరీ ఎక్కువ పడాలి, ఎందుకంటే బార్నెట్ షేల్ అనే గ్యాస్ ఉన్న రాతి పొరలో మిచెల్ ఎనర్జీ కంపెనీ వాళ్లు మొదటి బావి తవ్వింది 1981లో ఈ కౌంటీలోనే, తర్వాత 2008 వరకు గ్యాస్ రేటు మంచిగా ఉన్నన్నాళ్లు అక్కడ లీజులు జోరుగా రాసుకున్నారు. మీ డీడ్ తీసి రిజర్వేషన్స్ అని ఉన్న భాగం చదవండి. టైటిల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకోవద్దు, చాలా పాలసీలు మినరల్స్‌ని పక్కన పెట్టేస్తాయి. గట్టిగా తేలాలంటే కౌంటీ క్లర్క్ ఆఫీసు రికార్డులు వెనక్కి వెనక్కి చూపించుకోవాలి.

రెండో పని, ఈ వీకెండ్ పొలానికి వెళ్లి ఆ బావి దగ్గర ఏం ఉందో దూరం నుంచే చూసి రండి, వాల్వులు మాత్రం ముట్టుకోవద్దు. దాని దగ్గరో గేటు దగ్గరో ఒక బోర్డు ఉండాలి, దాని మీద ఆపరేటర్ పేరు, లీజు పేరు, బావి నంబరు ఉంటాయి, ఫొటో తీసుకోండి. నేల మీదకి నిలబడి వాల్వులు వాల్వులుగా కనిపించేదాన్ని క్రిస్మస్ ట్రీ అంటారు, అక్కణ్ణుంచి పైపు సెపరేటర్‌లోకి వెళ్తుంది, అందులో గ్యాస్ వేరు, నీళ్లు వేరు అవుతాయి. ట్యాంకుల్లో ఉండేది మామూలుగా ఉప్పునీళ్లు, కొంచెం కండెన్సేట్ అనే తేలికపాటి ఆయిల్. గ్యాస్ మాత్రం మీటర్ దాటి పైప్‌లైన్‌లోకి పోతుంది. నీళ్ల లారీలు వచ్చిపోయిన కొత్త టైర్ గుర్తులు ఉన్నాయా, లేక గడ్డి మొలిచి తుప్పు పట్టిందా చూడండి. ఇంటికొచ్చి టెక్సాస్ రైల్‌రోడ్ కమిషన్ సైట్‌లో ఆ పేరుతో వెతకండి, పేరు రైల్వేది గానీ ఆయిల్, గ్యాస్ బావుల్ని చూసేది వాళ్లే, నెలనెలా ఎంత గ్యాస్ తీశారో అక్కడ ఫ్రీగా కనిపిస్తుంది.

ఇదంతా ఎందుకంటే బావి నడుస్తుంటే పాత లీజు ఇంకా బతికే ఉన్నట్టు లెక్క. లీజుకి మొదట 3 ఏళ్లలాంటి గడువు ఉంటుంది, ఆ తర్వాత ఖర్చులు పోను ఏదో కాస్త మిగిలేంత గ్యాస్ వస్తున్నన్నాళ్లు అది అలాగే సాగుతుంది, 20 ఏళ్లయినా సరే. బావి ఆపేసినా షట్-ఇన్ రాయల్టీ అని చిన్న మొత్తం కట్టి కొంతకాలం నిలబెట్టుకునే క్లాజు కూడా ఉండొచ్చు. అంటే గ్యాస్ వస్తున్నట్టు రికార్డు ఉండి, మినరల్స్ మీవే అయితే, ఈ రెండేళ్లూ మీకు రాయల్టీ చెక్కులు రావాలి కదా! రాలేదంటే మినరల్స్ మీవి కావు, లేదా ఆపరేటర్ దగ్గర ఓనర్ పేరు మారలేదు. రెండోదే అయితే అమ్మినవాళ్లకో, ఓనరెవరో తేలేదాకా డబ్బు ఆపి ఉంచే సస్పెన్స్ ఖాతాలోకో పోతున్న డబ్బు మీది, వెంటనే ఆపరేటర్‌కి డీడ్ కాపీతో రాయండి.

మరి బావి ఆగిపోయి ఏళ్లయి, ఆపరేటర్ దివాలా తీసి ఉంటే అది వేరే తలనొప్పి. బావిని సిమెంటుతో మూసి, కేసింగ్‌ని (బావిలో దించిన ఉక్కు గొట్టాన్ని) నేలకి 3 అడుగుల కింద కోసేసి, స్థలం శుభ్రం చేయాల్సిన బాధ్యత ఆపరేటర్‌ది. వాడు లేకపోతే రాష్ట్రం చేస్తుంది గానీ వరసలో ఎదురుచూడాలి. అక్కడ ఇల్లు కట్టే ఆలోచన ఉంటే ఈ సంగతి తేలాకే.

ఇప్పుడు కాగితం సంగతి. అది నిజంగా లీజేనా, మినరల్ డీడా చూడండి, కొంతమంది చెక్కు జతచేసి మినరల్స్‌ని శాశ్వతంగా కొనేసే కాగితం పంపుతారు. లీజే అయితే బోనస్ అంకె కంటే రాయల్టీ శాతం ముఖ్యం. పాతకాలం లీజుల్లో 12.5 శాతం, ఇప్పుడు 20, 25 అడగొచ్చు. కానీ ఆ శాతం మొత్తం మీద రాదు. మీ 42 ఎకరాల్ని చుట్టుపక్కల వాళ్ల భూములతో కలిపి 640 ఎకరాల యూనిట్ చేశారనుకుందాం, 20 శాతం రాయల్టీకి మీ వాటా 1.3125 శాతం, అంటే నెలకి లక్ష డాలర్ల గ్యాస్ అమ్మితే మీకు దాదాపు 1,312 డాలర్లు, మినరల్స్‌లో సగమే మీదైతే 656, అది కూడా మీరు, మీ బావమరిది పంచుకోవాలి. పైగా రాష్ట్రం గ్యాస్ మీద 7.5 శాతం పన్ను, గ్యాస్‌ని కంప్రెస్ చేసి మార్కెట్‌కి చేర్చే ఖర్చుల్లో మీ వాటా కూడా కోయొచ్చు. ఖర్చులు కోయకూడదు అని ఒక లైను రాయించుకుంటే చాలదు, 1996లో టెక్సాస్ సుప్రీంకోర్టు అలాంటి లైను ఉన్న లీజులోనే, లెక్క బావి దగ్గర మార్కెట్ విలువ ప్రకారం (అంటే మార్కెట్‌కి చేర్చే ఖర్చులు తీసేశాక ఉండే విలువ) అని ఉంది కాబట్టి కంపెనీ పక్షాన తీర్పు ఇచ్చింది. అందుకే ఆయిల్ అండ్ గ్యాస్ లాయర్‌కి గంటల లెక్కన ఫీజు ఇచ్చి చదివించండి, మామూలు ఇళ్ల క్లోజింగ్‌లు చూసే లాయర్‌కి కాదు. బావి ఎక్కడ వెయ్యాలి, రోడ్డు ఎటు, కంచె ఎవరు కట్టాలి, ఇవి కూడా రాయించండి. ఒకవేళ మినరల్స్ మీవి కావని తేలినా ఇది వదలొద్దు, టెక్సాస్‌లో మినరల్ హక్కుదారు పై భూమిని అవసరమైనంత వాడుకోవచ్చు కాబట్టి, పనులు మొదలవ్వకముందే పై భూమి వాడకం గురించి సర్ఫేస్ అగ్రిమెంట్ అనే ఒప్పందం అడగడమే మీకున్న దారి.

ఇంటి లోన్ సంగతికొస్తే, బోనస్ వస్తే అది మామూలు ఆదాయం కిందే ట్యాక్స్ పడుతుంది, మీ జీతం పైన కలుస్తుంది కాబట్టి మూడో వంతు పక్కన పెట్టి ఎస్టిమేటెడ్ ట్యాక్స్ కట్టండి, మిగిలింది లోన్ ప్రిన్సిపల్‌కి కట్టుకోవచ్చు, మంచి పనే. నెలనెలా రాయల్టీ మీద మాత్రం ఏ ఈఎంఐ పెట్టుకోవద్దు. అందులో 15 శాతం డిప్లీషన్ (గ్యాస్ తరిగిపోతున్నందుకు ఇచ్చే ట్యాక్స్ తగ్గింపు) కింద మినహాయింపు దొరుకుతుంది, బోనస్‌కి అది లేదు, కానీ షేల్ బావుల్లో గ్యాస్ మొదటి రెండేళ్లలోనే సగానికి పైగా పడిపోవడం మామూలు. వచ్చింది వచ్చినట్టు లోన్‌కి అదనంగా కట్టండి, రాని నెలకి మీ జీతంతోనే కిస్తీ నడిచేలా ఉంచుకోండి. వాటాల లెక్క మీ బావమరిదితో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి, డీడ్‌లో ఇద్దరి పేర్లూ ఉంటే మీ సంతకం మీ వాటాకే చెల్లుతుంది, ఆయన వాటా కూడా లీజులోకి రావాలంటే ఆయన సంతకం కూడా కావాలి.