తాళం వేసిన ఇళ్ల దగ్గర మొదలుపెట్టండి

డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థుల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు మీ కళాశాలలో సర్వే ఫారాలు, లాగ్‌బుక్ సంతకాలతోనే ముగిసిపోతోందనీ, సమన్యాయం, అందరినీ కలుపుకొనిపోవడం అనే విలువలు విడవకుండా దాని ద్వారా సామాజిక ఆవిష్కరణ (ఊరి సమస్యకు ఊరివాళ్లతో కలిసి కొత్త దారి కనిపెట్టడం) నేర్పడం ఎలాగనీ మీరు అడిగారు. ప్రకాశం జిల్లాలో అర్థశాస్త్రం బోధిస్తూ కొన్నేళ్లుగా ఈ ప్రాజెక్టుకు మెంటారుగా ఉన్నాను కనుక నా అనుభవం చెబుతాను.

ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి దీనికి 180 గంటలు, 4 క్రెడిట్లు కేటాయించింది. సర్వే, అవగాహన కార్యక్రమాలు అయ్యాక ఎంచుకున్న సమస్య మీద పని చేసి నివేదిక ఇవ్వాలి. ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) శిబిరంలో వీధులు ఊడ్చి, మొక్కలు నాటి వచ్చే సేవకూ దీనికీ తేడా ఆ సమస్య దగ్గరే ఉంది. ఇక్కడ విద్యార్థి కారణం వెతకాలి, ఊరివాళ్లతో కూర్చుని దారి ఆలోచించాలి.

మొదటి ఏడాది నేను పొరపాటు చేశాను. మే నెలలో ఉదయం తొమ్మిదింటికి పిల్లలను ఊళ్లోకి పంపాను. ఆ వేళకు ఎస్సీ కాలనీ వాళ్లంతా ఉపాధి హామీ పనికి వెళ్లిపోయి ఉంటారని నాకు తట్టలేదు. పిల్లలు తాళాలు చూసి, 'ఇంట్లో లేరు' అని ఫారం మీద రాసుకుని పక్క వీధికి మళ్లారు. చివరికి లెక్కలు వేస్తే ఆ ఊళ్లో నీటి ఎద్దడి లేదని తేలింది. ఎద్దడి ఉన్నవాళ్లను అడగకుండానే ఆ మాట రాశాం.

మరుసటి ఏడాది అదే కాలనీకి పొద్దుగూకే వేళ వెళ్లాం. ఫారాలు బయటికి తీయలేదు. ముగ్గుపిండి ఇచ్చి, తమ కాలనీని నేల మీద గీసి చూపమని ఆడవాళ్లను అడిగాం. ఇంటికొక చింతగింజ పెట్టారు, కుళాయి లైను గీశారు, మెరక మీదున్న ఆరు ఇళ్ల ముందు మాత్రం గీత ఆపేశారు. ఎందుకు ఆపారని మా విద్యార్థిని అడిగితే, "అక్కడిదాకా నీళ్లెక్కవమ్మా" అన్నారు. నీళ్లు వదిలేది ఉదయం ఆరింటికి, పనికి బయల్దేరే హడావిడిలో. పైగా అదే లైను మీద ఊళ్లో కొందరు కుళాయికి నేరుగా మోటారు బిగిస్తారు కాబట్టి కాలనీ చివరికి వచ్చేసరికి ధార సన్నబడిపోతుంది.

మా పిల్లలు ముందే అనుకుని వచ్చింది ఫిర్యాదుల యాప్. ముగ్గు చూశాక దాన్ని వాళ్లే పక్కన పెట్టి, నీళ్లు సాయంత్రం వదిలితే సరిపోతుందన్నారు. మెరక ఇళ్లవాళ్లు ఒప్పుకోలేదు. సాయంత్రమైనా మోటార్లు మోటార్లే కదా అన్నారు. అప్పుడు పంచాయతీలో నీళ్లు వదిలే మనిషిని వెంటబెట్టుకుని లైను వెంబడి నడిస్తే, ఊళ్లోకి వెళ్లే వాల్వు అరగంట కట్టేసి కాలనీకి ముందుగా వదలవచ్చని ఆయనే చెప్పాడు. పంచాయతీని ఒప్పించడానికి మూడుసార్లు తిరిగారు గానీ, కొత్త సామాను ఏదీ కొనవలసి రాలేదు. సామాజిక ఆవిష్కరణ అంటే నేను పిల్లలకు ఇప్పుడు చెప్పే మొదటి ఉదాహరణ ఆ వాల్వే. అందరికీ ఒకే వేళకు నీళ్లు వదలడం ఎందుకు న్యాయం కాలేదో వాళ్లు ఆ లైను వెంబడే తెలుసుకున్నారు.

మరొక విషయం నాకు ఇంతకన్నా ముఖ్యం. పెద్ద రైతు అరుగు మీద "మీరు" అన్న పిల్లవాడే కాలనీకి వచ్చేసరికి, తాత వయసున్న మనిషిని "నీకు ఎంత భూమి ఉంది?" అని అడిగాడు. ఆ జట్టులో అదే కాలనీ అమ్మాయి ఒకతె ఉంది. ఆమె ఆ రోజంతా ఫారాల అట్ట గుండెకు హత్తుకుని ఒక్క ప్రశ్న కూడా అడగలేదని నేను సాయంత్రానికి గానీ గమనించలేదు. అప్పటి నుంచి ఊళ్లోకి వెళ్లే ముందు ఒక పూటంతా మాట్లాడే తీరే సాధన చేయిస్తున్నాను. కులం అడిగే గడిని వీధిలో నలుగురి ముందు నింపనివ్వను.

విద్యార్థుల మధ్య ఉన్న తేడాలనూ చూడండి. వేసవిలో కూలికి పోతేగానీ పై ఏడాది ఖర్చులు గడవని పిల్లలు మీ తరగతిలోనూ ఉంటారు. వాళ్లను సొంత ఊళ్లోనే, సాయంత్రాలే పని చేయనివ్వండి. పోలియో వచ్చిన ఒక విద్యార్థికి ఎండలో తిరగడం కష్టమని నేను కంప్యూటరు పని అప్పగించాను, అది దయ అనుకున్నాను. తనకూ ఊళ్లోకి రావాలని ఉందని అతను అడిగాక ముగ్గు దగ్గర కూర్చుని మాట్లాడించే పని అతనికే ఇచ్చాం. అందరికన్నా బాగా చేశాడు.

లాగ్‌బుక్‌లో రోజూ ఒక వాక్యం అదనంగా రాయించండి: ఈ రోజు ఎవరిని కలవలేకపోయాం, ఎందుకు? నివేదికను కళాశాలకు ఇచ్చే ముందు రెండు పేజీల తెలుగులోకి కుదించి, ఏ వీధిలో సమాచారం తీసుకున్నారో ఆ వీధిలోనే చదివి వినిపించమనండి. మేము చదివిన రోజు ఒకావిడ మధ్యలో లేచి, మీరు చెప్పిన లెక్కలో మా ఇల్లు లేదే అంది. డోరు నంబరు లేని రేకుల ఇల్లది, గడిలో రాయడానికి నంబరు లేక పిల్లలు వదిలేశారు. ఆ రాత్రే లెక్క తిరగరాసి, మర్నాడు ఆమెకు చూపించిన తర్వాతే నివేదిక సమర్పించాం.