టికెట్ వచ్చిందా? డబ్బు కట్టే ముందు ఒక్క మాట

ప్రశ్న: మేడమ్, నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాను. హెచ్-1బి మీద ఉద్యోగం. పోయిన నెల రూట్ 1 మీద రాత్రి ఇంటికి వస్తుంటే పోలీసు ఆపి స్పీడింగ్ టికెట్ ఇచ్చాడు. లిమిట్ 50, నేను 71లో వెళ్తున్నానని రాశాడు. కిందటేడు కేర్‌లెస్ డ్రైవింగ్ టికెట్ ఒకటి వస్తే కట్టేశాను. ఇప్పుడు ఆఫీసులో ఒకరు ‘ఆన్‌లైన్‌లో కట్టేసి మర్చిపో’ అంటారు, ఇంకొకరు ‘కోర్టుకెళ్తే తగ్గిస్తారు’ అంటారు. కరీంనగర్‌లో ఉన్న మా నాన్న, 2022లో మన దగ్గర బైకు చలాన్లకు 75 శాతం తగ్గించారు కదా, అక్కడా అడిగి చూడు అన్నారు. ఏం చెయ్యమంటారు? రేపు గ్రీన్‌కార్డుకు అడ్డొస్తుందా?

జవాబు: బాబూ, ముందు ఆ ఆన్‌లైన్ పేమెంటు జోలికి పోకండి. న్యూజెర్సీలో టికెట్ డబ్బు కట్టడమంటే గిల్టీ అని ఒప్పుకోవడమే. కిందటేడు మీకు తెలియకుండానే ఆ పని చేశారు. అందుకే ఈ టికెట్ మీకు మామూలు టికెట్ కాదు.

మీ నాన్నగారు చెప్పింది వేరే వ్యవహారం. అక్కడ చలానా అదే ఉంది, కట్టాల్సిన రూపాయలు తగ్గాయి. ఇక్కడ మునిసిపల్ కోర్టులో బేరం డబ్బు గురించి కాదు, తప్పు పేరు గురించి. పెద్ద తప్పు కొట్టేసి దాని స్థానంలో చిన్న తప్పు రాస్తారు. జేబులోంచి పోయేది ఒక్కోసారి పెరుగుతుంది కూడా. అయినా మేలే, ఎందుకో చూడండి.

ఇక్కడ తప్పుకు తగ్గట్టు మీ లైసెన్సు రికార్డులో పాయింట్లు పడతాయి. లిమిట్ కంటే 15 నుంచి 29 మైళ్లు ఎక్కువ వెళ్తే 4 పాయింట్లు. మీది 21 మైళ్లు ఎక్కువ. కేర్‌లెస్ డ్రైవింగ్‌కి ఇదివరకే 2 పాయింట్లు పడ్డాయి. రెండూ కలిస్తే 6. మూడేళ్లలో 6 పాయింట్లు చేరితే, లైసెన్సులిచ్చే మోటార్ వెహికల్ కమిషన్ జరిమానాతో సంబంధం లేకుండా 150 డాలర్ల సర్‌ఛార్జి వేస్తుంది, ఆపైన ఒక్కో పాయింటుకూ 25. ఇన్సూరెన్స్ వాళ్ల లెక్క వేరే. 12 పాయింట్లకు లైసెన్సే సస్పెండవుతుంది. మీరు సరిగ్గా సర్‌ఛార్జి గీత మీద నిలబడ్డారు.

కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించే లాయరు, అంటే ప్రాసిక్యూటర్, ఇవ్వగలిగినవి రెండున్నాయి. ఒకటి, వేగాన్ని 14 మైళ్లలోపు ఎక్కువకు దించడం. అప్పుడు 2 పాయింట్లే. రెండోది ‘అన్‌సేఫ్ డ్రైవింగ్’. దీనికి మొదటి రెండుసార్లు పాయింట్లే ఉండవు. కాకపోతే 50 నుంచి 150 డాలర్ల ఫైను, దాని మీద 250 సర్‌ఛార్జి, కోర్టు ఖర్చులు. నాలుగు వందలు దాటవచ్చు. ఐదేళ్ల లోపల మూడోసారి ఇదే తీసుకుంటే 4 పాయింట్లు పడతాయి కాబట్టి దీన్ని అవసరమైనప్పుడే వాడుకోవాలి. మీకు ఆ అవసరం ఇప్పుడే వచ్చింది. నా మాట వింటే ఇదే అడగండి.

టికెట్ మీద రాసిన గడువు దాటకముందే కోర్టుకు నాట్ గిల్టీ అని తెలియజేయండి. కమిషన్ నుంచి మీ డ్రైవర్ హిస్టరీ అబ్‌స్ట్రాక్ట్, అంటే మీ పాత టికెట్లూ పాయింట్లూ ఉండే రికార్డు, తెప్పించుకోండి, 15 డాలర్లు. చాలా కోర్టులు ఇప్పుడు జూమ్‌లోనే కేసులు పిలుస్తున్నాయి. మీరు మాట్లాడాల్సింది జడ్జితో కాదు, టికెట్ రాసిన పోలీసుతో అసలే కాదు, ప్రాసిక్యూటర్‌తో. రోడ్డు ఖాళీగా ఉందనీ, అందరూ అంతే వేగంతో వెళ్తున్నారనీ మొదలుపెట్టకండి. పాత టికెట్ సంగతి దాచకండి, అది వాళ్ల ముందే ఉంటుంది. ‘పాయింట్లు లేని అన్‌సేఫ్ డ్రైవింగ్‌కి గిల్టీ చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను’ అని సూటిగా చెప్పండి. కాదంటే వాదించకండి. లాయర్‌ని పెట్టుకోవడానికి వాయిదా అడగండి. ఆరు పాయింట్ల దగ్గర ఉన్నవాళ్లకు లాయర్ ఫీజు దండగ కాదు. వేగం కొలిచే రాడార్ సరిగ్గా పనిచేస్తోందని చూపే కాలిబ్రేషన్ కాగితాలు, పోలీసు కెమెరా వీడియో తెప్పించి చూసే పని కూడా ఆయనదే.

మనవాళ్లు తడబడేది ఆ తర్వాతే. ప్రాసిక్యూటర్ ఒప్పుకున్నంత మాత్రాన పని అయిపోదు, జడ్జి ఆమోదించాలి. ఎవరి బలవంతం లేకుండానే ఒప్పుకుంటున్నారా, అసలు ఏం చేశారు అని జడ్జి అడుగుతారు. అప్పుడు మర్యాదకో భయానికో ‘నేనేం తప్పు చెయ్యలేదు సార్, గొడవెందుకని ఒప్పుకుంటున్నా’ అంటారు. అలా అంటే జడ్జి ఆ ఒప్పుకోలు తీసుకోకూడదు. వచ్చిన ఆఫర్ కళ్ల ముందే చేజారిపోతుంది. ఇది చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ‘నేను వెళ్లాల్సిన దానికంటే వేగంగా వెళ్లాను, ఆ పరిస్థితిలో అది ప్రమాదకరం’ అంటే చాలు. ఇంగ్లిష్‌లో తడబడతామనుకునేవాళ్లు తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని కోర్టుకు ముందే చెప్పండి. దానికి పైసా తీసుకోరు.

గ్రీన్‌కార్డు గురించి బెంగపడకండి. మామూలు స్పీడింగ్ టికెట్ న్యూజెర్సీలో క్రైమ్ కాదు. కానీ ఇమిగ్రేషన్ ఫారాల్లో టికెట్ల గురించి అడిగినచోట దాచకుండా రాయాలి. కోర్టు ఇచ్చే తీర్పు కాగితం మీ ఇమిగ్రేషన్ లాయర్‌కి పంపించి, ఒక కాపీ దాచుకోండి. అలాగే వీలు చూసుకుని డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు చెయ్యండి. ఐదేళ్లకోసారి 2 పాయింట్లు తీసేస్తారు. కేర్‌లెస్ డ్రైవింగ్ పాయింట్లు అలా పోతాయి.

ప్రశ్న: సిగ్నల్ దగ్గర ఫోన్ చేతిలో పట్టుకున్నానని టికెట్ ఇచ్చారండీ. మొదటిసారే. నేనూ అన్‌సేఫ్ డ్రైవింగ్ అడగాలా? (ఒక పాఠకురాలు, సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్)

జవాబు: వద్దమ్మా. ఫోన్ టికెట్‌కి మొదటి రెండుసార్లూ పాయింట్లు లేవు. మొదటిసారి ఫైను 200 నుంచి 400 డాలర్లు. పాయింట్లు లేనిదాన్ని ఇంకో పాయింట్లు లేనిదానితో మార్చుకోవడానికి 250 సర్‌ఛార్జి ఎందుకు కడతారు? పైగా రేపు నిజంగా పాయింట్లు పడే టికెట్ వచ్చినప్పుడు అక్కరకొచ్చే అవకాశం ఒకటి ఇప్పుడే ఖర్చయిపోతుంది. చేతిలో ఉన్నది మ్యాపు చూసుకోవడానికే అయినా ఆ చట్టం ఒప్పుకోదు. ఫోన్ డాష్‌బోర్డుకి బిగించే స్టాండు ఒకటి కొనుక్కోండి. మూడోసారి పట్టుబడితే 3 పాయింట్లు పడతాయి, 90 రోజుల దాకా లైసెన్సు పోవచ్చు.