గడియకి నూనె రాసింది ఎవరు?

చిరంజీవికి,

నీ నాటిక చదివాను. తాగొచ్చిన తండ్రి గుమ్మంలో నిలబడి రెండున్నర పేజీలు మాట్లాడాడు. ఒళ్లు మండింది. తాగినవాడికి అంత వ్యాకరణం ఎక్కడిదోయ్?

'హాబ్సన్స్ ఛాయిస్' చూడు. హెరాల్డ్ బ్రిగ్‌హౌస్ నాటకాన్ని డేవిడ్ లీన్ 1954లో సినిమా తీశాడు. 1880 నాటి సాల్ఫర్డ్ అనే ఇంగ్లండు ఊరు, ఒక బూట్ల దుకాణం, ముగ్గురు కూతుళ్లు, తాగుబోతు తండ్రి. నీ కథకి దగ్గర చుట్టమే. మొదట్లో రాత్రి, ఈదురుగాలి, దుకాణం బయట ఊగుతున్న పెద్ద బూటు, లోపల చీకట్లో వరసగా బూట్లు. దయ్యాల సినిమా అనుకుంటాం. తలుపు ధడాలున తెరుచుకుంటుంది. గుమ్మం నిండా తండ్రి వేషంలో చార్లెస్ లాటన్. ఒక్క తేన్పు! పరిచయం అయిపోయింది.

ఇంకో రాత్రి, పీకలదాకా తాగి, రాళ్లు పరిచిన వీధిలో నీటిగుంటల్లో కనిపించే చంద్రుడి వెంట పడతాడు. మాటల్లేవు, మాల్కం ఆర్నల్డ్ సంగీతం తప్ప. చివరికి ఒక నేలమాళిగలో పడతాడు. నాటకంలో ఆ పడటం తెర వెనక జరిగిపోతుంది, ఎవరో చెప్తే మనం వింటాం అంతే.

అలాగని నాటకమంటే మాటలే అనకు. ఆ దుకాణంలో అద్భుతంగా బూట్లు కుట్టే పనివాడు విల్లీ నేలలో ఉన్న తలుపు ఎత్తుకుని కిందనుంచి పైకొస్తాడు. ఆ ఇంట్లో అతని స్థానం ఏమిటో ఆ తలుపే చెప్తుంది. అది బ్రిగ్‌హౌస్ పెట్టిందే.

నాటక పరిషత్తు పోటీల రోజుల్లో నేనూ ఒక నాటిక రాశాను. అందులో తండ్రి నిమిషంపాటు మాట్లాడకుండా తెగిన చెప్పు కుట్టుకుంటాడు. "జనం లేచిపోతారు" అని దర్శకుడు ఆ నిమిషాన్ని ప్రాస డైలాగులతో నింపేశాడు. ఉత్తమ రచన బహుమతి వచ్చింది, ఆ డైలాగులకే! షీల్డు అటక మీదుంది, దించలేదు. ఈమధ్య ఒక సంపాదకుడు కూడా నా కథ తిప్పి పంపుతూ "పంచ్ తగ్గింది" అన్నాడు. వీళ్లకి తేన్పు వినిపించదు.



నీ మూడో పేజీలో, పిల్లలు లేవకూడదని అమ్మ తలుపు గడియకి నూనె రాస్తుంది. అది బాగుంది. మరి ఆవిడ అంత జాగ్రత్తపడితే, నువ్వు ఆయనచేత వీధంతా లేచేలా అరిపిస్తావేం? ఆ రెండున్నర పేజీలూ కొట్టెయ్. గడియ దగ్గర్నుంచి మళ్లీ రాసి పంపు.