బరంపురంలో కొన్న ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ అమెరికాలో పనిచేస్తుందా?

పనిచేయదు, అన్నం ఉడికేంత వేడి రాదు. మన సాకెట్లో 230 వోల్టులు, అక్కడ 120. వోల్టేజి దాదాపు సగమైతే వేడి సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. ఇక్కడి 700 వాట్ల కుక్కర్ అక్కడ 190 వాట్లే ఇస్తుంది: బియ్యం నానతాయి, అంతే.

అడాప్టర్ పెడితే చాలని చాలామంది అనుకుంటారు. అది పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజిని కాదు. పెంచే ట్రాన్స్‌ఫార్మర్లున్నాయి గానీ, ఇంత లోడుకు సరిపోయేది కిలోల బరువు. ఆ డబ్బుతో అక్కడే కుక్కర్ కొనుక్కోవడం నయం.

ఫోన్, లాప్‌టాప్ చార్జర్ల మీద 100-240 అని ఉంటే అడాప్టర్ సరిపోతుంది. జర్మనీలోనూ బ్రిటన్‌లోనూ 230 వోల్టులే, అక్కడికి మన కుక్కర్ నిక్షేపంగా పట్టుకెళ్లొచ్చు. అమెరికా కుక్కర్‌ను తెచ్చి పర్లాకిమిడిలో నేరుగా ప్లగ్గులో పెడితే మాత్రం మాడిపోతుంది.