గట్టు మీదికి గ్రావెల్ సైకిలు తెస్తున్న మేనల్లుడికి

ఏరా అల్లుడూ,

సైకిలు ఫొటో చూశాను, బాగుంది. గ్రావెల్ బైక్ అంటే ఏంట్రా అని మీ అమ్మ ఫోన్ చేసి అడిగితే, ఇల్లు కట్టేటప్పుడు పునాది నింపడానికి ట్రాక్టర్లతో తోలించాం చూడు, ఆ ఎర్ర గ్రావెల్ మీద తొక్కే సైకిలు అని చెప్పాను. "దానికి అంత డబ్బు పోశాడా" అంది. మిగతాది నువ్వే చెప్పుకో, నన్ను ఇరికించకు.

సంక్రాంతికి వచ్చి ధవళేశ్వరం నుంచి గోదావరి ఏటిగట్టు పట్టుకుని యానాం దాకా, మర్నాడు లొల్ల మీదుగా కాలువ గట్లు, ఆ పైన మారేడుమిల్లి అని ప్లాన్ పంపావు కదా. గంటకు 25 కిలోమీటర్ల చొప్పున లెక్కేశావు. అది మీ ఔటర్ రింగ్ రోడ్డు సైకిల్ ట్రాక్ లెక్క. గట్టు మీద 14, 15 వస్తే గొప్ప, దానికి తగ్గట్టు దూరాలు సగానికి కొట్టెయ్.

ఎందుకంటావా. గట్టు పైకి చూడటానికి బల్లపరుపుగా ఉంటుంది, అదే అసలు తిప్పలు. ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన కాలువలు పొలాలకు నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. అందుకే వాలు కనపడనంత తక్కువ పెట్టి, దిగాల్సినచోట లాకులు కట్టారు. గాలి లేనప్పుడు గట్టు మీద మనుషులు తాడు కట్టి పడవ లాగుకుంటూ నడిచేవాళ్ళు. ఇప్పుడు నువ్వు తొక్కబోయేది ఆ దారే. పల్లం ఉండదు కాబట్టి కాళ్ళు ఆపి సైకిలు దానంతట అది పోయే క్షణం ఒక్కటీ దొరకదు, మూడు గంటలు ఆపకుండా తొక్కుతూనే ఉండాలి, అరచేతులు తిమ్మిరెక్కుతాయి, కూర్చునే చోటు సంగతి చెప్పనక్కర్లేదు. అరగంటకోసారి దిగి నడువు. సిగ్గేం లేదు, నేను ఇరవై నిమిషాలకే దిగుతాను.

గాలి సంగతి కూడా చూసుకో. మధ్యాహ్నం నుంచి సముద్రం మీది గాలి పైకి కొడుతుంది. పొద్దున్నే సముద్రం వైపు వెళ్ళిపోయి, తిరుగు ప్రయాణానికి అది వీపు వెనక ఉండేలా చూసుకుంటే సగం కష్టం తగ్గుతుంది.

టైర్లలో గాలి. కొట్టువాడు 60 పీఎస్ఐ కొట్టి ఇస్తాడు, నువ్వు 70 కిలోలుంటావు, నీ టైరు 40 మిల్లీమీటర్లు, వెనక 38, ముందు 34 చాలు. గులకరాళ్ళ మీద టైరు కాస్త అణిగితేనే పట్టు ఉంటుంది. మరీ తగ్గించకు, ట్యూబులున్న టైరు రాయి అంచుకు తగిలితే రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి రెండు చిల్లులు పడతాయి. ట్యూబ్‌లెస్ అయితే చిల్లులు పూడటానికి లోపల పోసే సీలెంట్ మన ఎండలకు రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, బయల్దేరే ముందు చూసుకో, ఎందుకంటే గట్ల వెంబడి తుమ్మముళ్ళు, ఇసుక చోట్ల పల్లేరుకాయలు ఉంటాయి, అవి ఖరీదైన టైరు అని వదిలిపెట్టవు. ఇంకోటి, మన ఊళ్ళ సైకిల్ షాపుల్లో నీ సన్న వాల్వు ట్యూబులు ఉండవు. రెండు ట్యూబులు, పంపు, పెట్రోలు బంకు గాలికి పట్టే ఇత్తడి అడాప్టరు, ఇవి లేకుండా ఇంటి గుమ్మం దాటకు.

ఇక మట్టి. నల్లరేగడి ఎండితే సిమెంటు, తడిస్తే జిగురు. పోయిన ఏడాది దీపావళి ముందు ఒక జల్లు పడి ఆగింది కదా అని బయల్దేరాను. ఒక కిలోమీటరు వెళ్ళేసరికి మట్టి టైరుకూ ఫోర్కుకూ మధ్య కూరుకుపోయి చక్రం తిరగడం మానేసింది. నేను తెలివిగా ఇంకో రెండు తొక్కులు బలంగా తొక్కాను. వెనక గేర్లను పట్టుకునే చిన్న ముక్క పుటుక్కున విరిగింది. అది పోతే సైకిలు మోయాల్సిందే, రెండున్నర కిలోమీటర్లు భుజాన వేసుకుని నడిచాను, దారిలో ఒకాయన గేదెల్ని తోలుకుపోతూ "ఏం బాబాయ్, సైకిలు నీ మీదెక్కిందేంటి" అన్నాడు. ఆ ముక్క నీ సైకిలుకు సరిపోయేది ఒకటి విడిగా కొని పెట్టుకో. చక్రం బరువెక్కినట్టు అనిపించగానే దిగి పుల్లతో గోకు.

తడి మట్టి కన్నా మోసం గుర్రపుడెక్క. కాలువలోంచి తీసి గట్టు మీద పోస్తారు, పైన ఎండినట్టే ఉంటుంది, కింద కుళ్ళి జారుతుంటుంది. దాని మీద బ్రేకు వెయ్యకు, హ్యాండిల్ తిప్పకు, తిన్నగా పోనియ్. ఒకవేళ కాలువలో పడితే సైకిలు వదిలెయ్. పడినచోటే గట్టెక్కాలని గింజుకోకుండా వాలుకు కొట్టుకుపోతూ తర్వాతి రేవు మెట్ల దగ్గర పట్టుకో. జనవరిలో దాళ్వాకు (రబీ వరికి) నీళ్ళు వదిలి ఉంటారు, తక్కువ లోతనుకోకు.

చాలా కాలువలకు ఒక గట్టు మీద తారు రోడ్డు, అవతలి గట్టు మట్టిది. నీకు కావలసింది రెండోది. కానీ అది ఖాళీ గట్టు కాదు. సార్వా (ఖరీఫ్) కోతలు ఆలస్యమైతే సంక్రాంతి ముందు కూడా ధాన్యం ఆరబోసి ఉంటుంది, చుట్టూ రాళ్ళు పెడతారు, వాటి పక్కనుంచి దిగి నడిపించుకుంటూ వెళ్ళు. నీ టైరు నాలుగు గింజలు తొక్కితే పోయేదేముంది అనుకుంటావు, ఆరబోసినావిడ అలా అనుకోదు. రేవుల దగ్గర బట్టలు ఉతికేవాళ్ళు, స్నానాలు చేసేవాళ్ళు ఉంటారు, దూరం నుంచే బెల్లు కొట్టు, హెల్మెట్ కెమెరా ఆపెయ్. తెల్లవారుజామున గట్టు మీదికి కొందరు ఎందుకొస్తారో నీకు చెప్పక్కర్లేదు, అప్పుడు కూడా బెల్లు కొట్టు. కుక్క వెంటపడితే పోటీ పెట్టుకోకుండా దిగి, సైకిలు మధ్యలో అడ్డం పెట్టుకుని నడువు, దాని ఇలాకా దాటగానే అదే ఆగిపోతుంది. మంచు బాగా పడుతుంది, పొద్దున ఎనిమిదింటి దాకా ముందూ వెనకా లైట్లు వెలగాలి.

యానాం నుంచి మొత్తం అదే దారిన వెనక్కి రాకు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కితే గౌతమి పాయ దాటి ముక్తేశ్వరంలో దిగొచ్చు, సైకిళ్ళు ఎక్కించుకుంటారు. ముందురోజే ఎవరినైనా కనుక్కో, ఏరు తగ్గితే తిప్పరు. ఎప్పుడైనా ఆగస్టులో వస్తే మాత్రం, ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక ఇచ్చారని టీవీలో వినగానే ఏటిగట్టు ఆలోచన మానెయ్. ఆ రోజుల్లో గట్టు మీద ఇసుక బస్తాలు మోసేవాళ్ళకే చోటు.

మారేడుమిల్లి లెక్క వేరు. అక్కడిదాకా బస్సులోనో కారులోనో సైకిలు వేసుకుని వెళ్దాం, పైన తొక్కు. ఘాట్ రోడ్డు తారుదే, పక్కకు ఊళ్ళలోకి పోయే బాటలు ఎర్ర గ్రావెల్. దిగుడులో వంపు లోపల బ్రేకు వేస్తే వెనక చక్రం పక్కకు పోతుంది, వంపు రాకముందే వేగం తగ్గించుకో, చూపు రాయి మీద కాకుండా దారి మీద పెట్టు. వాగు దాటేటప్పుడు లోతు కర్రతో చూడు. పాపికొండల జాతీయ ఉద్యానవనం లోపలి బాటలకు అటవీ శాఖ అనుమతి కావాలి, మ్యాప్‌లో గీత కనపడింది కదా అని దూరకు. పులులున్న అడవి అది. సాయంత్రం నాలుగుకల్లా మనం ఊరి దగ్గర ఉండాలి. రాత్రి దోమతెర లేకుండా పడుకోనివ్వను, ఏజెన్సీ మలేరియా ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకు, మ్యాప్ ముందే దించుకో.

కొత్త బూట్లు మొదటిరోజే తొడగొద్దు. లొల్ల వైపు వెళ్ళే రోజున ఆత్రేయపురంలో ఆగుదాం, పూతరేకులు జేబులో పెట్టుకోకు, పొడి అవుతాయి, అక్కడే తినెయ్.

వచ్చేటప్పుడు నాకు 40 సైజు ట్యూబులు రెండు పట్టుకురా, సన్న వాల్వువి. డబ్బులు మీ అమ్మ ముందు అడగకు.

మావయ్య