మే నెలలో పులికాట్‌కా?

ప్రశ్న: అమ్మా, పిల్లలకు సెలవులిచ్చారు. ఈ ఆదివారం పులికాట్ సరస్సుకు వెళ్లి, రాజహంసలను చూపించి సాయంత్రానికి వచ్చేద్దామని మావారు కారు మాట్లాడుతున్నారు. ఇద్దరు చిన్నపిల్లలతో ఈ ఎండలో అవుతుందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అడ్వాన్సు ఇవ్వకపోయి ఉంటే ఆగమని చెప్పమ్మా. పోయినేడు మేలో మనవళ్లను వెంటేసుకుని నేనూ ఇదే పని చేశాను. నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట చేరి, శ్రీహరికోట రోడ్డెక్కేసరికి పదకొండయింది. ఆ రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. కానీ ఆరోజు రెండు పక్కలా ఉన్నది నెర్రెలిచ్చిన బురద, మీద తెల్లగా ఉప్పు. "జేజీ, అదిగో నీళ్లు!" అని చిన్నోడు అరిచాడు. ఎండమావి! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పులికాట్‌కు లోతు తక్కువ, వేసవిలో ఉత్తరం వైపు ఎండిపోతుంది. రాజహంసలూ, దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులూ అక్టోబరు నుంచి మార్చి దాకా ఉండే చుట్టాలు. సంక్రాంతి సెలవులకు పెట్టుకోండి.

ఈ ఆదివారానికి రాయలచెరువు చాలు. రామచంద్రాపురం వైపు, ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. కృష్ణదేవరాయల కాలం నాటిదని చెబుతారు. తెల్లారేసరికి కట్ట మీద ఉండాలి. కొండల మధ్య నీళ్లు, ఒడ్డున కొంగలు, ఆ వేళకు కాస్త చల్లగాలి. పిల్లలకు కట్ట చూపించి 2021 నవంబరు సంగతి చెప్పు. ఆ వానలకు ఈ కట్టకే లీకు పడి, కింద ఊళ్లు ఖాళీ చేయించారు. ఆవును వదిలి రానని మా చెల్లెలు మొండికేస్తే, ఆవుతో సహా మా ఇంటికి తెచ్చుకున్నాం. పదిరోజులు మా వాకిలంతా పేడే!

నీళ్లలోకి మాత్రం ఎవర్నీ దిగనివ్వకు, మీవారిని కూడా. చెరువుల్లో మట్టి తోలిన గుంతలుంటాయి, పైకి కనబడవు. మోకాలి లోతే కదా అనుకున్నచోట మనిషి మునిగిపోతాడు. తూము దగ్గరికైతే పోనే వద్దు.

చిత్రాన్నం, ఊరుబిండి కట్టుకో. మజ్జిగ రెండు సీసాలు ఎక్కువే పెట్టుకో. ఎండ ముదరకముందే, తొమ్మిదికల్లా ఇంటికి తిరిగి బయల్దేరండి. దారిలో ముంజలు కనిపిస్తే లేతవే అడిగి కొను. ముదురువి తింటే రాత్రికి కడుపునొప్పని పిల్లలు నిన్నే లేపుతారు.